మంచె మీద అల్లుడు

అబ్దలీ,
12 డిసెంబర్ 2024

వెచ్చటి వంటింట్లో ఉన్న అత్తకు, ముక్కు ఉందో ఊడిందో తెలియని స్థితిలో ఉన్న అల్లుడు రామాంజులు నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఏమిటి అనుకుంటావు. ఇక్కడ ఫోన్లు లేవు. ముసలి యజమాని పెద్ద బాబా అందరి ఫోన్లూ ఒక బిస్కెట్ల డబ్బాలో వేసి తాళం పెట్టుకున్నాడు. ఫోన్ మోగితే పిట్టలు బెదురుతాయట. ఈ తోటలో చలికాలానికి వేసిన గుడారాలు పీకేదాకా ఇంతే. ఇక్కడ వంట చేసే అస్లాం మన రాయచోటి వాడు. "ఉత్తరం రాయప్పా, నీళ్ల ట్యాంకర్ ముజీబ్ వారానికి రెండుసార్లు మీ అత్త ఉండే రుమైథియా మీదనే పోతాడు" అని ఈ కాగితం ఇచ్చాడు. నేను చివరిసారి ఇంత రాసింది పదో తరగతి పరీక్షలో. అక్షరాలు చూసి నవ్వకు.

అత్తా, కువైట్ అంటే ఎండ, ఎండ అని పన్నెండేళ్లుగా చెబుతున్నావు కదా. నేను నమ్మాను. రత్నం పెట్టెలో స్వెట్టర్ పెడుతుంటే, "ఎడారికి స్వెట్టర్ ఏంది మే, ఎవరన్నా చూస్తే నవ్వుతారు" అని నేనే తీయించాను. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా నన్ను నేనే తిట్టుకుంటున్నాను. నీ కూతురికి మాత్రం చెప్పకు.

నన్ను తన తండ్రికి అప్పగించి మీ చిన్న బాబా ఆ రోజే కారెక్కి రుమైథియా వచ్చేశాడు. ఆయనకు హీటర్లున్న ఇల్లు. నాకూ, ఎనభై ఏళ్ల ఈ పెద్ద బాబాకూ మంచె. తోట చివర ఒక నీళ్ల గుంట ఉంది. దాని గట్టు మీద ఇనప గొట్టాలు పాతి, రెండు నిలువుల ఎత్తున పలకలు పరిచారు. చుట్టూ ఖర్జూరపు మట్టల తడిక. ఇంకా వెలుగు రాకముందే ఎక్కి కూర్చోవాలి. గుంటలో అడవి బాతులు దిగేదాకా కదలకూడదు, దగ్గకూడదు, ముక్కు చీదకూడదు. మన చేలో మంచె మీదయితే మూకుట్లో నిప్పులు పెట్టుకునేవాణ్ని, పాటలు పాడుకునేవాణ్ని. ఇక్కడ నిప్పు వెలిగిస్తే పొగ లేస్తుందని ఒప్పుకోడు. ఆయనకు గొర్రెతోలు అస్తరు వేసిన పెద్ద కోటు ఉంది, ఫర్వా అంటారు. నాకు అస్లాం పాత కోటు, దానికి గుండీలు లేవు. గాలి ఇరాక్ వైపు నుంచి బయలుదేరి మధ్యలో ఎక్కడా ఆగకుండా నా బనియన్‌లో దిగుతోంది.

అసలు సంగతి ఇది. నాకు ఇక్కడ ఉండనిచ్చే ఇఖామా ముద్ర ఇంకా కొట్టించలేదు. పెద్ద బాబా అస్లాంతో చెప్పించాడు: గుడారాలు పీకేలోగా మంచె మీద పనికొస్తానని తేలితే ఇఖామా, లేకపోతే చేతిలో టికెట్. బస్సు ఎక్కేరోజు వీధి వీధంతా వచ్చి నన్ను సాగనంపింది. మూడు నెలలకే పెట్టె పట్టుకుని దిగితే ఎవరి మొహం చూడగలను? మీరంతా మామా అని పిలిచే మీ యజమానురాలితో, నా అల్లుడు పెద్ద వేటగాడని నువ్వెందుకు చెప్పావు? తోటపని వస్తుందని చెప్పి ఉంటే ఈపాటికి పాదులు తవ్వుకుంటూ ఒళ్లు వెచ్చగా ఉండేవాణ్ని.

చలికి ఏదైనా ఉపాయం రాసి పంపు. త్వరగా.

వేళ్లు ఇక వంగడం లేదు కాబట్టి ఇంతటితో,
రామాంజులు


రుమైథియా,
16 డిసెంబర్ 2024

మంచె కింద ఉయ్యాల్లో పెరిగి మంచె పైన పెద్దవాడైన మా అన్న కొడుక్కి, మేనత్త తిరుపాలమ్మ దీవెనలు.

ఒరే, వణకడం ఆపి విను. కూతుర్ని ఇచ్చాను కదా అని మర్యాదగా రాద్దామనుకున్నాను గాని, నీ ఉత్తరం చదివాక మర్యాద రావడం లేదు. నేను ఏడు చలికాలాలు వీళ్ల గుడారాల దగ్గర తెల్లవారకముందే గిన్నెలు తోమినదాన్ని. చలి సంగతి నాకు చెప్పకు.

ఉన్న బట్టలన్నీ గుడారంలోనే తొడుక్కుని గుంట దాకా గబగబా నడుస్తున్నావు కదూ? అక్కడే చెడిపోతున్నావు. నడకలో చెమట పడుతుంది. పైన కదలకుండా కూర్చోగానే ఆ చెమటే చల్లబడి ఎముకలు కొరుకుతుంది. కోటు చంకలో పెట్టుకుని పలచగా నడువు, పైకెక్కి ఊపిరి కుదిరాక తొడుక్కో. నూలు బనియన్ తీసి అవతల పారెయ్, అది తడిస్తే ఆరదు. చిన్న బాబా పాత ఉన్ని చొక్కా ఒకటి పంపుతున్నాను, ఒంటికి ఆనుకుని అది వెయ్యి. దొంగతనం అనుకునేవు, మామానే పాతబట్టల్లో వేసింది. వెచ్చగా ఉంటుందని మూడు జతల మేజోళ్లు తొడిగి బూట్లలో కాళ్లు కుక్కకు. వేళ్లు ఆడితేనే కాలు బతుకుతుంది. చలి సగం కూర్చున్న చోటు నుంచే ఎక్కుతుంది, పలకల మీద గోనెసంచి నాలుగు మడతలు వేసుకో. చెవులకు తువ్వాలు చుట్టు. బుగ్గలో బెల్లంముక్క, శొంఠి పెట్టుకో, రెండూ పంపుతున్నాను.

పొట్లంలో గులాబీ రంగు రబ్బరు సంచి ఒకటి ఉంది, కుందేలు బొమ్మ తొడుగుతో. వేడినీళ్లు పోసి బిగించి పొట్టకు కట్టుకో. అది మామా చిన్న కూతురిది. ఏదని అడిగితే, నా మోకాళ్ల నొప్పులకు వాడుకుంటున్నానని చెప్పాను. పాపం, పిల్ల నా మోకాళ్ల మీద ముద్దు పెట్టి పోయింది. అబద్ధం ఆడిన నోరు కాలిపోతుందేమో అనిపించింది గాని, నువ్వు గడ్డకట్టుకుపోతుంటే ఏం చేయను?

వేటగాడివని ఎందుకు చెప్పానంటావా? నేను సెలవు మీద వచ్చినప్పుడు జానెడు పొడుగు పందికోర తెచ్చి నా ముందు పెట్టి, మంచె మీద నుంచే నాలుగు అడవిపందుల్ని కూల్చానని చెప్పింది ఎవరు? ఆ కోర చూసే కదా మీ మామ, "పిల్లోడు గట్టోడే, రత్నాన్ని ఇచ్చేద్దాంలే" అన్నాడు. నేనూ దాన్నే మామాకు చెప్పాను, నాలుగును ఆరు చేశానంతే. పందుల్ని కూల్చినవాడికి బాతులు ఒక లెక్కా? ఒక్క పిట్టను కొట్టించు, ఇఖామా దానంతటదే వస్తుంది.

నీ మీద బోలెడు ఆశ పెట్టుకున్న,
అత్త


అబ్దలీ,
26 డిసెంబర్ 2024

అత్తకు, తలెత్తుకోలేని అల్లుడు రాసుకున్నది.

నువ్వు చెప్పినట్టే అన్నీ చేశాను. పలచగా నడిచాను, పైకెక్కి కోటు వేసుకున్నాను, గోనెసంచి పరిచాను, కుందేలును పొట్టకు కట్టుకున్నాను. పది నిమిషాల్లో ప్రాణం లేచొచ్చింది. కొంప మునిగింది అక్కడే. చలి వేస్తున్నన్నాళ్లూ నా దవడలు బిగుసుకుని ఉండేవి. ఒళ్లు వెచ్చబడగానే నోరు కూడా తెరుచుకుంది.

కాస్త తెలవారుతుండగా బాతులు వచ్చాయి. ముప్పై ఉంటాయి. గుంట మీద ఒక చుట్టు తిరిగి, కాళ్లు చాపి, దిగబోతున్నాయి. బాబా మెల్లగా తుపాకీ ఎత్తుతున్నాడు. అత్తా, నాకు పదేళ్లప్పుడు మా నాయన సజ్జచేలో మంచె ఎక్కించి వడిసెల చేతికిచ్చాడు. అప్పటి నుంచి నేను నేర్చుకున్న పని ఒక్కటే, దిగే పిట్టను దిగకముందే లేపడం. నాకు తెలియకుండానే లేచి నిలబడి "హోయ్! హోయ్! హా!" అని అరిచాను. అరిచి ఊరుకోలేదు. పక్కనున్న టీ పళ్లెం తీసి ఇనప గొట్టం మీద టంగుటంగున వాయించాను. బాతులు ఇరాక్ వెళ్లిపోయాయి.

బాబా నన్ను తిట్టాడు. మంచె దిగుతూ తిట్టాడు, గుడారం దాకా నడుస్తూ తిట్టాడు, రొట్టె తింటూ తిట్టాడు. ఏమంటున్నాడని అస్లాంను అడిగితే, "ఈ మాటలు తెలుగులో లేవప్పా. ఉన్నా నేను చెప్పను" అన్నాడు. మరుసటి రోజు అరవకూడదని ఒట్టు పెట్టుకుని ఎక్కాను. అరిచాను. ఆ మరుసటి రోజూ అంతే. మన చేలో అరవనివాడు పనిదొంగ. ఇక్కడ అరిచినవాడు పనికిమాలినవాడు. బుర్రకు ఇది తెలుసు, గొంతుకు తెలియడం లేదు.

ఇంకో ఘోరం విను. సాయంత్రాలు పక్క తోటల ముసలివాళ్లు వచ్చి మంట చుట్టూ కూర్చుంటారు. బాబా లేచి నిలబడి నాలాగే చేతులూపి, "హోయ్ హోయ్" అని అరిచి, పళ్లెం వాయించి చూపిస్తాడు. వాళ్లు కళ్ల నీళ్లొచ్చేలా నవ్వుతారు. ఒకాయన నవ్వి నవ్వి పొలమారితే నేనే వెళ్లి నీళ్లిచ్చాను. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు.

నాది ఒక తప్పు కాదు కాబట్టి రెండోది కూడా రాసేస్తున్నాను. నేను ఏ పందినీ చంపలేదు. నాలుగూ లేదు, ఆరూ లేదు. మంచె మీద నుంచి తరిమాను, అది మాత్రం నిజం, నా కేకకు పందులు రెండు మైళ్లు పరుగెత్తేవి. ఆ కోర తిరునాళ్లలో కొన్నాను. రత్నాన్ని వేరేచోట ఇస్తారని ఎవరో అంటే భయపడి ఆ పని చేశాను. ఆరేళ్లుగా చెప్పాలని ఉంది, ధైర్యం చాలలేదు. ఇప్పుడు మన మధ్య వంద కిలోమీటర్ల ఎడారి ఉంది కాబట్టి చెబుతున్నాను.

బాబా చేతులు కూడా చలికి బాగా బిగుసుకుపోతున్నాయి. టీ గ్లాసు రెండుసార్లు జారవిడిచి, అది గాలి పని అన్నాడు.

కొట్టే దూరంలో లేని,
రామాంజులు


రుమైథియా,
30 డిసెంబర్ 2024

మహారాజశ్రీ అల్లుడు గారి సముఖానికి, తిరుపాలమ్మ అనే వెర్రిది విన్నవించుకున్నది.

మీ ఉత్తరం అందింది. తమరు ఎంతటి వీరులో తెలిసింది. తిరునాళ్లలో కోర కొన్నారు, సంతోషం. పులిగోరు కూడా అమ్ముతారు, అదీ కొని ఉంటే నేను మామాకు ఇంకాస్త గొప్పగా చెప్పుకునేదాన్ని కదా. ఈ సంగతి మీ మామకు తెలిస్తే ఆయన గుండె ఆగుతుంది. రత్నానికి తెలిస్తే మీ గుండె ఆపుతుంది. కాబట్టి నేను ఎవరికీ చెప్పను.

మీరు పెళ్లి కోసం ఆడిన అబద్ధం అలా ఉంటే, మీ కోసం నేను ఆడిన అబద్ధం ఎక్కడికి పోయిందో చూడండి. నా మోకాళ్లు నొప్పులని మామా నిజంగానే నమ్మింది. నన్ను కారులో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయింది. డాక్టరు నొక్కి చూసి, "ఇక్కడ నొప్పా?" అన్నాడు. లేదంటే మామా ముందు పరువు పోతుంది, అందుకని ఎక్కడ నొక్కితే అక్కడ అమ్మో అన్నాను. ఇన్ని చోట్ల నొప్పి ఉన్న మోకాలు తన అనుభవంలో చూడలేదన్నాడు. ఇప్పుడు నేను మెట్లు ఎక్కకూడదు, కింద కూర్చోకూడదు. రోజూ రెండుపూటలా ఎర్ర దీపం కింద కాళ్లు చాపుకుని ఉండాలి. పని లేక నాకు పిచ్చెక్కుతోంది. మేడ మీద గదులు నేను లేకుండా ఎవరో తుడుస్తుంటే, మూలలు వదిలేస్తున్నారని కింద నుంచే తెలిసిపోతోంది. మామా నాకోసం ఇంకో రబ్బరు సంచి కొత్తది తెచ్చింది, నీలం రంగుది. అది కూడా ఈ పొట్లంలో ఉంది.

ఇది తమరికి కాదు, పెద్ద బాబాకు. వేళ్లు బిగుసుకుపోయినవాడు తుపాకీ ఎలా పేలుస్తాడు? సంచి ఆయన ఫర్వా కింద పెట్టండి, చేతులు వెచ్చబడతాయి. చేతులు వెచ్చబడితే గురి కుదురుతుంది, గురి కుదిరితే పిట్ట పడుతుంది, పిట్ట పడితే మీ ఇఖామా పడుతుంది. మీ నోటి సంగతి కూడా ఆలోచించాను. పిట్టలు వచ్చే వేళకు నోట్లో ఐదు లవంగాలు వేసుకుని, పైన తువ్వాలు గట్టిగా కట్టుకోండి. రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చోండి, పళ్లెం అందదు. మంట దగ్గర మిమ్మల్ని ఆడించి నవ్వుకుంటున్నారంటే టికెట్ సిద్ధమవుతోందని అర్థం. ఈసారి అరిచారో, నన్ను అత్తా అని పిలవకండి.

కోపంతో, ఎర్ర దీపం కింద నుంచి,
తిరుపాలమ్మ


అబ్దలీ,
18 జనవరి 2025

అత్తా,

అయిపోయింది. ఖలాస్.

నువ్వు రాసింది రాసినట్టు చేశాను. అలవాటు కావడానికి వారం పట్టింది. మొన్న తెల్లారి లవంగాలు నోట్లో వేసుకుని, తువ్వాలు బిగించి, చేతుల మీద కూర్చున్నాను. బాబా ఒళ్లో నీలం సంచి పెట్టాను. ముందు ఇదేమిటన్నట్టు చూశాడు. తర్వాత రెండు చేతులూ దాని మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. అంత హాయిగా ఉన్న మొహం ఆయనది నేనింతవరకు చూడలేదు.

బాతులు వచ్చాయి. నలభై పైనే. నాకు కడుపులో నుంచి కేక తన్నుకొచ్చింది. లవంగాలు కొరికి మింగేశాను, కళ్లల్లో నీళ్లు తిరిగాయి, నోరు మాత్రం తెరవలేదు. అవి దిగాయి. నీళ్ల మీద కూర్చుని ఒళ్లు దులుపుకుంటున్నాయి. గాలి లేదు, చప్పుడు లేదు. ఇంతకన్నా మంచి అదను ఏ వేటగాడికీ దొరకదు. బాబా తుపాకీ ఎత్తాడు. చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. గొట్టం చివర ఇలా, ఇలా ఊగుతోంది. నన్ను చూశాడు. నేను తువ్వాలు వెనక నుంచి, కొట్టు బాబా అన్నట్టు తలూపాను. మళ్లీ గుంట వైపు చూశాడు. మళ్లీ నన్ను చూశాడు. చివరికి తుపాకీ దించేశాడు. బాతులు తీరిగ్గా స్నానాలు చేసి, తమంతట తామే ఎగిరిపోయాయి.

మెచ్చుకుంటాడనుకున్నాను. నిచ్చెన దిగాక నా తువ్వాలు లాగి నేల మీద కొట్టాడు. అస్లాంను పిలిచి ఏదో అన్నాడు. అస్లాం మొహం దించుకుని, "ఇట్లాంటి పనికిరాని మనిషిని తన ఎనభై ఏండ్లలో చూడలేదంట. గుడారాలు పీకినాక నీకు టికెట్ అంట" అని చెప్పాడు. సాయంత్రం ముసలివాళ్లు వచ్చారు. బాబా నన్ను అనుకరించలేదు. ఒకాయన పళ్లెం అందిస్తే పక్కన పెట్టేశాడు. తొందరగా వెళ్లి పడుకున్నాడు.

తప్పు చేసినప్పుడు తిట్టి ఉంచుకున్నాడు, సరిగ్గా చేసిన రోజు వెళ్లిపొమ్మన్నాడు. నాకేమీ అర్థం కావడం లేదు. నా మీద నాకే అసహ్యంగా ఉంది. ఊళ్లో ఏం చెప్పాలో నువ్వే ఆలోచించి రాయి, అబద్ధాలు నీకే బాగా వస్తాయి.

నీ అల్లుడు


రుమైథియా,
21 జనవరి 2025

ఒరే రామాంజులూ,

నా తెలివి తగలబడ. నిన్ను ముంచింది నేనేరా నాయనా.

ముందు నా భాగోతం విను. శుక్రవారం పెద్ద బాబా ఇంటికి వచ్చాడు. అందరితో కూర్చుని ఫర్వా విప్పితే లోపల నుంచి గులాబీ కుందేలు కింద పడింది. నీ సంచి కూడా ఆయనే లాక్కున్నాడన్నమాట! మామా చిన్న కూతురు "నా కుందేలు" అని దాన్ని పట్టుకుని ఏడుపు. మామా నన్ను పిలిచింది. "తిరుపాలా, నీ మోకాళ్లు ఎడారిలో ఉన్నాయా?" అంది. నేను కొంగు కొరుక్కుంటూ ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె అందరి ముందూ నన్ను మూడుసార్లు మేడ ఎక్కించి దించింది. నాలుగోసారి నేనే ఎక్కాను, మూలలు చూసి వద్దామని. నా పని నాకు తిరిగి వచ్చినందుకు ఎంత సంబరంగా ఉందో చెప్పలేను.

కోపం చల్లారాక మామాకు నీ సంగతి మొత్తం చెప్పాను. ఆమె నవ్వి, తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. పెద్ద బాబాకు మూడేళ్లుగా చేయి నిలవడం లేదట, చూపు కూడా తగ్గిందట. ఆ మాట ఎవరూ ఆయన ముందు అనరు, ఆయనా ఒప్పుకోడు. నిరుడు పిట్ట ఎందుకు పడలేదంటే మంచు అన్నాడట, అంతకుముందు ఏడు తుపాకీది తప్పన్నాడట. ఈ ఏడు ఆయనకు నువ్వు దొరికావు. నీ అరుపు కథ ఇక్కడ దివానియాలో, మగవాళ్లంతా కూర్చునే గదిలో, చెప్పని వారం లేదట. "నా ఇండియావాడు నోరు మూసుకుంటే ఈపాటికి వంద కొట్టేవాణ్ని" అని గర్వంగా చెబుతాడట. మొన్న శుక్రవారం కొడుకులు, "ఈ వారం ఏమైంది నాన్నా?" అని అడిగారట. "పిట్టలు రాలేదు" అని చెప్పి, అన్నం సగంలో లేచాడు.

నువ్వు ఆయన పరువు కాపాడుతూ వచ్చావు, నీకే తెలియకుండా. నేను నీ నోట్లో లవంగాలు కుక్కి ఆ పరువు తీయించాను. ముసలాయన్ని తలచుకుంటే నాకు ఏడుపొచ్చింది.

ఇంకొకటి జాగ్రత్తగా విను. చిన్న బాబాకు అనుమానం బలపడింది. చేయి నిలవని మనిషి చలిలో మంచె ఎక్కడం దేనికి, వచ్చే ఏడు నుంచి పంపేది లేదని మామాతో అంటున్నాడు. గుడారాలు పీకేముందు ఒకరోజు తనే వచ్చి మంచె మీద కూర్చుని చూస్తాడట. తేలిందంటే ఆయనకు మంచె ఉండదు, నీకు ఇఖామా ఉండదు. కాబట్టి గట్టిగా అరువు. మన ఊరి సజ్జచేను మొత్తం నీ ఎదురుగా ఉందనుకుని అరువు. నీలం సంచికి తోడు ఇంకో సంచి పంపుతున్నాను, ఈసారి మామాకు చెప్పే.

నిన్ను ఎప్పటికైనా అల్లుడు గారూ అని పిలవాలనుకుంటున్న,
అత్త


అబ్దలీ,
27 ఫిబ్రవరి 2025

అత్తా, ఈ ఉత్తరం కూర్చుని చదువు.

నీ ఉత్తరం అందిన మరుసటి పొద్దున్నే అరిచాను. బాబా నా వైపు తిరిగి, నోరంతా తెరిచి, ఎంత తిట్టాడో! ఆ తిట్లలో ఎంత సంతోషం ఉందో అరబ్బీ రాని నాకు కూడా తెలిసింది. సాయంత్రం పళ్లెం మళ్లీ మోగింది. అప్పటి నుంచి రోజూ అదే పని. ఒకరోజు నా గొంతు బొంగురుపోతే తనే స్పూనుతో తేనె తినిపించాడు, ఎవరూ చూడకుండా.

చలి మొన్న మరీ ఎక్కువైంది. బక్కెట్లో నీళ్ల మీద గాజు పలకలా మంచు కట్టింది. సంచులు రెండూ చల్లారిపోయాయి. చీకట్లో కూర్చుని ఉంటే బాబా, నన్ను చూడకుండానే, తన చేయి తీసి నా చేతుల్లో పెట్టాడు. వేళ్లు కట్టెల్లా ఉన్నాయి. నేను రుద్దుతూ కూర్చున్నాను. ఆయనంటే నాకు ప్రేమ పుట్టింది అత్తా. రాయడానికి సిగ్గేస్తోంది గాని, అది నిజం. ఇఖామా సంగతి ఆ కాసేపు గుర్తే లేదు.

ఇవాళ చిన్న బాబా వచ్చాడు. రాగానే నన్ను చూసి, "నువ్వు పైకి రావద్దు. నా కారులో కూర్చో, అద్దాలు ఎత్తుకో, తలుపు తీయకు" అని అస్లాంతో చెప్పించాడు. బాబా నా వైపు చూశాడు. నేనేం చేయగలను? ఆయన ఒక్కో మెట్టూ పట్టుకుని పైకెక్కాడు, వెనక కొడుకు. నేను కారులో, హీటర్ ముందు. ఈ చలికాలం మొత్తంలో నా ఒళ్లంతా వెచ్చబడింది ఇవాళే, నేను వణికింది కూడా ఇవాళే ఎక్కువ.

తెలవారింది. బాతులు వచ్చాయి. అద్దంలో నుంచి చూస్తున్నాను. చుట్టు తిరిగాయి, కాళ్లు చాపాయి. తడికలో నుంచి తుపాకీ గొట్టం బయటికి వచ్చింది, ఊగడం మొదలుపెట్టింది. అరుద్దామా అంటే అద్దాలు, దిగుదామా అంటే చిన్న బాబా మాట. కళ్లు మూసుకున్నాను.

"హోయ్! హోయ్! హా!"

నేను కాదు అత్తా, ఒట్టు. నా నోరు మూసే ఉంది. ఆ వెనకే పళ్లెం టంగుటంగున మోగింది. గుంట మీద నుంచి ఒక్క పిట్ట మిగలకుండా లేచిపోయింది. కళ్లు తెరిచేసరికి బాబా తడిక మీద నుంచి సగం బయటికి వంగి, కారు వైపు వేలు చూపిస్తూ, "రామంజూ!" అని మొదలుపెట్టాడు. పాత తిట్లన్నీ వరసగా, ఒక్కటీ వదలకుండా తిట్టాడు. రెండో చేతిలో టీ పళ్లెం అలాగే ఉంది.

నేను అద్దం వైపు చూశాను. పైదాకా ఎత్తే ఉంది. అయినా తలుపు తీసుకుని దిగాను. మంచె కింద నిలబడి, తల వంచుకుని, "తప్పయిపోయింది బాబా. అలవాటులో అరిచేశాను. క్షమించండి" అన్నాను. అస్లాం అరబ్బీలో చెప్పాడు.

చిన్న బాబా పై నుంచి కారు అద్దాలను చూశాడు. నన్ను చూశాడు. తండ్రి చేతిలో పళ్లెం చూశాడు. పిట్టలు పోయిన వైపు మొహం తిప్పుకున్నాడు. తర్వాత కండువాతో కళ్లు తుడుచుకుని తండ్రితో ఏదో అన్నాడు. కిందికి దిగి, నా పాస్‌పోర్ట్ తెమ్మని అడిగి జేబులో పెట్టుకున్నాడు. ఏమన్నాడని అస్లాంను అడిగాను.

"ఏమంటాడప్పా. మూసిన కారులోంచి అరిస్తే ఇంత దూరం వినపడిందంటే వీడిది మామూలు గొంతు కాదు నాన్నా, వీడు వచ్చే ఏడు కూడా నీ పక్కన ఉండాల్సిందే, ఇఖామా ఆదివారమే కొట్టిస్తా అన్నాడు" అని చెప్పాడు.

రత్నానికి నువ్వే ఫోన్ చేసి చెప్పు. ఇఖామా వచ్చిందని చెప్పు చాలు, ఎందుకు వచ్చిందో చెప్పకు.

చేయని తప్పు ఒప్పుకుని ఉద్యోగం సంపాదించిన,
నీ అల్లుడు రామాంజులు